నాకు తెలిసిన ఒకమ్మాయి

పోయిన వారం మనం హెల్యాను చర్చి పక్క హాల్లో, అందరి కళ్ళముందూ నిలబెట్టి వచ్చేశాం. తార్యా తన కొడుకు చొక్కా చెయ్యి పైకి మడిచి, లేత చేతిమీద నీలంగా కమిలిన పళ్ళగాటు చూపించి, "ఇది చేసింది నీ కూతురు," అన్న చోట.

కొత్తగా చదువుతున్నవాళ్ళకోసం నాలుగు మాటలు. మా ఊరు హర్మాలహ్తిలో కాగితం మిల్లు మూతపడ్డాక ఇది రెండో చలికాలం. మగవాళ్ళు కొందరు పనికోసం దక్షిణానికి పోయారు, కొందరు సరిహద్దు దాటి స్వీడన్ పోయారు, కొందరు సోఫాలోంచి లేవడం మానేశారు. పెద్దవాళ్ళ దిగులు పిల్లల్లో తేలింది. బడిలో కుర్చీలు ఎగిరాయి. బాగా చదివే పిల్లలు అక్షరాలు మర్చిపోయారు. అప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు హెల్యాను పిలిచి, గురువారం మధ్యాహ్నాలు తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడమన్నారు. పిల్ల అరిచినప్పుడు ముందు మనం ఊపిరి పీల్చుకోవడం, దాని కోపం ఎక్కడ పుట్టిందో అడగడం, శిక్ష గురించి ఆలోచించేముందు పక్కన కూర్చోవడం. మొదట్లో మేమంతా నవ్వాం. నవ్వినవాళ్ళమే తర్వాత కుర్చీలు చాలక గోడవార నిలబడ్డాం. ఎందుకంటే ఆవిడ చెప్పింది పనిచేసింది. అబద్ధమెందుకు, మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో పిల్లల చెంపలు హెల్యావల్లే బతికిపోయాయి.

అలాంటి హెల్యా కూతురు పిహ్లా, తొమ్మిదేళ్ళ పిల్ల, ఆరేళ్ళ ఏలిని కొరికింది.

హెల్యా మొదట చేసిన పని ఊపిరి పీల్చుకోవడం. ముక్కుతో నెమ్మదిగా లోపలికి, నోటితో ఇంకా నెమ్మదిగా బయటికి. మాకందరికీ నేర్పినట్టే.

"తార్యా, నువ్వు చాలా భయపడిపోయావని నాకు అర్థమవుతోంది."

"నేను భయపడలేదు. నాకు ఒళ్ళు మండుతోంది. రెండింటికీ తేడా ఏంటో నువ్వే కదా నేర్పావు?"

ఎవరో నవ్వబోయి కాఫీ కప్పులో మొహం దాచుకున్నారు.

"సరే. కోపం. ఆ కోపం నీ ఒంట్లో ఎక్కడ..."

"ఆ గొంతు నా దగ్గర తియ్యకు హెల్యా. బళ్ళో నా పక్కన కూర్చుని నా లెక్కలు చూసి రాసుకున్నదానివి. మామూలుగా మాట్లాడు."

హెల్యా మామూలుగా మాట్లాడాలని నోరు తెరిచింది. ఏ గొంతు మామూలుదో చప్పున గుర్తురాలేదు. చాలాకాలంగా ఇంట్లోనూ, కొట్లోనూ, ఫోన్లోనూ అదే గొంతు. గోరువెచ్చగా, నునుపుగా, అంచుల్లేకుండా.

"పిహ్లా అలా చేసిందంటే దానికేదో కారణం ఉంటుంది," అంది చివరికి.

"ఉంది. నువ్వే విను. ఏలీ, ఇలా రా. పిహ్లాని నువ్వేమన్నావో ఆంటీకి చెప్పు."

ఏలి నోటినిండా యాలకుల బన్ను. వాడికి ఆ గాయం సంగతి అప్పుడే విసుగొచ్చినట్టుంది.

"తిట్టలేదు. అడిగాను అంతే."

"ఏమని అడిగావు?"

"నీ కడుపులో ఎర్ర బంతి ఇంకా ఉందా అని. ఉంటే బయటికి తియ్యి, ఆడుకుందాం అన్నాను." వాడు బన్ను మింగి, తల్లివైపు చూశాడు. "ఇంకోటి కూడా అడిగాను. రాత్రి నీ పక్క కూడా తడుస్తుందా, నాది తడుస్తుంది అని. అప్పుడు కొరికేసింది."

తార్యా వాడి పెదవులమీది బన్నుపొడి తుడిచింది.

"వాడికి ఇవన్నీ ఎవరు చెప్పారు?" తార్యా గొంతు ఇప్పుడు తగ్గింది. తగ్గాకే ఎక్కువ గుచ్చుకుంది. "నేనే చెప్పాను. పొద్దున్నే లేచి తడిసిన పక్క చూసుకుని ఏడుస్తుంటే, నీ ఒక్కడికే కాదురా, పెద్దపిల్లలకి కూడా అవుతుంది, ఒకమ్మాయి ఉంది, ఆ అమ్మాయి కడుపులో ఎర్ర బంతి ఒకటి దొర్లుతూ ఉంటుందిట అని చెప్పాను. నాకెవరు చెప్పారు? ఈ హాల్లో, ఆ కుర్చీలో కూర్చుని, నువ్వు చెప్పావు."

"నేనెప్పుడూ పేరు చెప్పలేదు."

"చెప్పలేదు. 'నాకు తెలిసిన ఒకమ్మాయి' అన్నావు. మిల్లు మూసినప్పట్నుంచీ మంచం కింద పడుకుంటున్న అమ్మాయి. వారమంతా నాన్న ఊళ్ళో ఉండని అమ్మాయి. ఎవరి కుక్క ఎవరి గుమ్మంలో పడుకుంటుందో కూడా తెలిసిన ఊరు హెల్యా ఇది. ఆ అమ్మాయెవరో మాకు తెలియదనే అనుకున్నావా?"

హెల్యా చుట్టూ చూసింది. ఎవరూ తలెత్తలేదు. "మీ అందరికీ తెలుసా? తెలిసీ ఒక్కరూ నాతో అనలేదే?"

కిటికీ పక్కన మనవణ్ణి పెంచుకుంటున్న ముసలాయన ఒకడు కూర్చుంటాడు. ఎప్పుడూ నోరు విప్పడు. ఆ రోజు విప్పాడు.

"ఏమనమంటావమ్మా? మంచి ఉదాహరణలు. మాకు పనికొచ్చాయి."

ఆయన వెటకారంగా అనలేదు. అందుకే హెల్యాకు కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు.

తార్యా కొడుకు చొక్కా చెయ్యి కిందికి దించి, కోటు తొడిగింది. బొత్తాలు పెడుతూ, హెల్యావైపు చూడకుండా అంది.

"ఇక్కడ మేమందరం మా సిగ్గు మేం విప్పి పెట్టాం. వీణ్ణి చెంపమీద కొట్టానని నేను ఈ కుర్చీలోనే వెక్కివెక్కి ఏడ్చాను. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు నీది పెట్టలేదు. నీ కూతురిది పెట్టావు."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"దాన్ని ఏమీ అనకు. నేను దానిమీద కోపంతో రాలేదు."

*

పిహ్లా బడి ఆవరణలో మంచుగుట్టమీద ఒక్కతే కూర్చుని ఉంది. మిగతా పిల్లలు అవతలి గుట్టమీద. తల్లిని చూడగానే లేచి, సంచి భుజానికేసుకుని, ఏం అడగకుండా నడక మొదలుపెట్టింది. ఇంటిదాకా తల్లికన్నా నాలుగు అడుగులు ముందే నడిచింది. హెల్యా అందుకోవాలని వేగం పెంచితే తనూ పెంచింది.

ఆ ఎర్ర ఊలుటోపీ వెనక నడుస్తూ హెల్యా లెక్క వేసుకోకుండా ఉండలేకపోయింది. ఎన్నెన్ని చెప్పింది ఆ హాల్లో? పిహ్లా మంచం కింద పడుకుంటే తనూ నేలమీద పడుకుని, చెంప చాపకు ఆనించి, చీకట్లోంచి వచ్చే ఆ చిన్న గొంతు వినేది. అది నటన కాదు. ఆ సమయంలో ఆమెకు లోకంలో ఇంకేం అక్కర్లేదు. కానీ గురువారం వచ్చి, హాల్లో ఎవరో తల్లి "నా పిల్ల నాతో మాట్లాడదండీ" అని ఏడిస్తే, నోటిదగ్గర ఆ మాటలే సిద్ధంగా ఉండేవి. నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. చెప్తుంటే గది మొత్తం ఊపిరి బిగపట్టి వినేది. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దం తనకు బాగుండేది. ఎంత బాగుండేదో ఇప్పుడు, జారే రోడ్డుమీద కూతురి వెనక నడుస్తుంటే, నోట్లో చేదుగా తెలిసింది.

మరి చాలా రోజులుగా పిహ్లా మంచం కిందికి పోవడం లేదు. పక్క తడపడం లేదు. అడిగినదానికి చక్కగా జవాబు చెప్తోంది. బాగుపడిందనుకుంది తల్లి. పోయిన గురువారం ఆ సంగతీ హాల్లో చెప్పింది.

గురువారం కాబట్టి, మా ఊళ్ళో అందరి ఇళ్ళల్లోలాగే, బఠానీ సూపు. పొద్దున వండిందే. హెల్యా పొయ్యిమీద పెట్టి కలుపుతూ, వీపు కూతురివైపే ఉంచి అడిగింది.

"ఏలిని కొరికావుట."

"ఊఁ."

"ఎందుకు కొరికావో చెప్పగలవా తల్లీ?"

పిహ్లా కుర్చీలో నిటారుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లలు కూర్చున్నట్టు.

"నాకు కోపం వచ్చింది. కోపం రావడం తప్పు కాదు, కొరకడం తప్పు. కోపం నా కడుపులో ఎర్ర బంతిలా ఉంది. నేను ఊపిరి పీల్చుకుంటే అది నారింజపండంత అవుతుంది. ఇంకా పీల్చుకుంటే బఠానీ గింజంత. ఇప్పుడు బఠానీ గింజంతే ఉంది. ఏలికి సారీ చెప్తాను."

గరిటె ఆగిపోయింది. ప్రతి మాటా తనదే. నారింజపండు తనది. బఠానీ గింజ తనది. ఆఖరికి మధ్యలో ఆగి చిన్నగా తలూపడం కూడా తనదే.

"పిహ్లా, ఇప్పుడు నిజంగా నీకేమనిపిస్తోంది?"

"తేలిగ్గా ఉంది. అడిగినందుకు థాంక్స్ అమ్మా."

హెల్యాకు అప్పుడు ఏమయిందో ఆమెకే తెలియదు. గరిటె విసిరికొట్టింది. అది గోడకు తగిలి, ఆకుపచ్చటి సూపు కిటికీ తెరమీదా కేలండర్‌మీదా చింది, గరిటె నేలమీద పడి గిరగిరా తిరిగింది.

"ఆపు! ఆ చిలకపలుకులు ఆపు! నేను నీ తల్లిని. నాతో అలా మాట్లాడకు!"

ఆ అరుపుకు పైవాటాలో కుక్క మొరిగింది. హెల్యా తన నోటిని తనే చేత్తో మూసుకుంది. ఊపిరి పీల్చుకోవాలన్న సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు.

పిహ్లా ఏడవలేదు. కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగి, తల్లి మొహంలోకి చూసింది. చాలాకాలం కనపడని మనిషెవరో గుమ్మంలోకి వస్తే పోల్చుకోడానికి చూసినట్టు చూసింది.

"ఇప్పుడు నీకు నిజంగా కోపం వచ్చింది," అంది.

"అవును. వచ్చింది."

"ఎవరిమీద?"

"నామీద." అనేశాక అదే నిజమని తెలిసింది. "తార్యా ఆంటీ అంతా చెప్పింది. నువ్వు నాతో చెప్పుకున్నవన్నీ నేను బయట చెప్పేశాను. పిల్లలు నిన్ను ఏడిపిస్తున్నారా?"

పిహ్లా భుజాలు ఎగరేసింది. "బంతి అని పిలుస్తారు. ఆటలో బంతి పోతే, పిహ్లా కడుపులో చూడండిరా అంటారు. పర్లేదు."

"పర్లేదా?"

"అలవాటైపోయింది."

తొమ్మిదేళ్ళ పిల్ల నోట్లోంచి ఆ మాట వినడం ఎలా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. హెల్యా వచ్చి కూతురి ఎదురుగా నేలమీద కూర్చుంది. సూపు మరకలోనే కూర్చుంది.

"నన్ను క్షమించు తల్లీ. నేను చేసింది నీకు చాలా నొప్పి కలిగించిందని నాకు..."

"అది కూడా హాల్లో చెప్పేదే."

నిజమే. పిల్లలకు క్షమాపణ ఎలా చెప్పాలో ఆమె ఒక గురువారం మొత్తం చెప్పింది. హెల్యా నోరు మూసుకుంది. ఇంకో మాట వెతికింది. దొరికిన ప్రతిదీ ఎక్కడో వాడేసినదే. ఇక వెతకడం మానేసి అలాగే కూర్చుంది. పొయ్యిమీద సూపు అడుగంటుతున్న వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి పిహ్లాయే లేచి, స్టూలు ఎక్కి, పొయ్యి కట్టేసింది. దిగి వచ్చి, నిలబడే అంది.

"నీకు చెప్తే అందరికీ తెలిసిపోతుంది. అందుకే నువ్వు చెప్పమన్నట్టే చెప్పడం మొదలుపెట్టాను. నీకు కావలసింది అదే కదా. నువ్వు సంతోషంగా ఉండేదానివి."

"ఊఁ," అంది హెల్యా. "ఉండేదాన్ని."

"ఇప్పుడొకటి చెప్తే ఎవరికీ చెప్పవా? హాల్లో కాదు. ఎవరికీ."

"చెప్పను."

"నాన్నకి కూడా?"

నాన్న మాట ఎందుకొచ్చిందో హెల్యాకు అర్థం కాలేదు. ఇల్పో స్వీడన్ వైపు గనిలో యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. ఆదివారం సాయంత్రం కారులో వెళ్తాడు, శుక్రవారం సాయంత్రం వస్తాడు. మిల్లు పోయాక ఊళ్ళో త్వరగా పని సంపాదించుకున్న కొద్దిమందిలో ఒకడని మేమంతా అతన్ని చూసి కుళ్ళుకున్నాం.

"నాన్నకి కూడా చెప్పను," అంది. ఆ క్షణంలో ఆమె ఏ మాటయినా ఇచ్చేది.

పిహ్లా ఊపిరి పీల్చుకుంది. ఇది నేర్చుకున్నది కాదు, నీళ్ళలో దూకేముందు పీల్చుకునేది.

"నాన్న స్వీడన్‌లో లేడు. తాత గుడిసెలో ఉన్నాడు."

"ఏ గుడిసె?"

"మనదే. సముద్రం దగ్గర. చేపల గుడిసె."

హెల్యాకు నవ్వొచ్చింది. అదేం నవ్వో మరి. "అది వేసవి గుడిసె పిహ్లా. చలికాలం అక్కడెవరుంటారు?"

"నాన్న ఉంటాడు. బడి వాళ్ళు స్కీలు వేసుకుని సముద్రం దాకా తీసుకెళ్ళారు చూడు, క్రిస్మస్ అయ్యాక. అందరూ సాసేజీలు కాల్చుకుంటుంటే మన గుడిసె చూసొద్దామని నేనొక్కదాన్నే వెళ్ళాను. చూరు దగ్గర పొగ. చెట్ల వెనక మన కారు. తలుపు కొడితే నాన్న తీశాడు." ఆగి, గోడవైపు తిరిగింది. "గడ్డం పెరిగిపోయింది. శుక్రవారం మాత్రం గీసుకుని వస్తాడు. నన్ను చూసి ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు."

హెల్యా కింద పడ్డ గరిటె తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చేతులు పట్టుకుని ఊపిరి పీల్చుకోవడం చెప్పాను. నువ్వు నాకు చెప్పావు చూడు, అలాగే. ముక్కుతో లోపలికి, నోటితో బయటికి. నాన్నా, అది నీ ఒంట్లో ఎక్కడుంది అని అడిగాను. అన్నిచోట్లా ఉంది అన్నాడు. కొంచెంసేపటికి తగ్గింది. నాకు బాగా చేతనయిందన్నాడు. అమ్మకన్నా బాగా అన్నాడు." ఆ మాట దగ్గర పిహ్లా మొహంలో ఒక్క క్షణం గర్వంలాంటిది మెరిసింది. హెల్యాకు అది చూడ్డం అన్నిటికన్నా కష్టమైంది. "పని ఎప్పుడూ లేదుట. మొదట్లో గనిలో అడిగాడుట, వాళ్ళు వద్దన్నారుట. ఇంటికొచ్చి చెప్పలేకపోయాడుట. మిల్లు వాళ్ళు చివర్లో ఇచ్చిన డబ్బే జీతంలా నీకు పంపుతున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెప్తే వచ్చే గురువారం తను 'నాకు తెలిసిన ఒకాయన' అయిపోతాడుట. నవ్వుతూనే అన్నాడులే."

"అప్పట్నుంచీ నువ్వు..."

"బడి అయ్యాక స్కీలమీద అప్పుడప్పుడు వెళ్తాను. ఆడుకోడానికి వెళ్తున్నానని నీతో చెప్తాను చూడు, అప్పుడు. బాగున్నాడో లేదో చూసొస్తాను. ఏలి అలా అడిగేసరికి, తర్వాత నాన్న గురించి కూడా అడుగుతాడనిపించింది. వాడి నోరు మూయించాలనిపించింది. అందుకని చెయ్యి కొరికాను. నోరు కొరకలేం కదా."

హెల్యా చేతులు చాచింది. పిహ్లా రాలేదు. కానీ వెనక్కి కూడా పోలేదు. అంతే దూరంలో నిలబడి చొక్కా అంచు మెలిపెట్టుకుంటూ ఉంది. మొగుడిమీద కోపం, జాలి, మోసపోయిన మంట, అన్నీ ఒకేసారి వచ్చాయి హెల్యాకు. తొమ్మిదేళ్ళ పిల్ల ఇద్దరు పెద్దవాళ్ళను మోసింది. ఒకరికి కావలసిన కథలు ఇచ్చింది, ఒకరికి కావలసిన మౌనం ఇచ్చింది. మిగిలినదాన్ని ఏలి చేతిమీద పెట్టింది.

బల్లమీద ఫోను మోగింది.

ఇల్పో. రోజూ చీకటి పడే వేళకు, కాఫీ విరామంలో చేస్తాడు. ఏ కాఫీ, ఏ విరామం. పిహ్లా వేలు పెదాలమీద పెట్టుకుంది. మాటిచ్చావు అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది.

హెల్యా ఎప్పటిలాగే స్పీకరు నొక్కింది.

"ఏం చేస్తున్నారు నా ఆడవాళ్ళు? సూపు తాగారా?"

"ఇప్పుడే," అంది హెల్యా. మళ్ళీ ఆ నున్నటి గొంతే వచ్చింది. జీవితంలో మొదటిసారి దానికి మొక్కాలనిపించింది. "నువ్వు?"

"ఇక్కడా అదే. కానీ పల్చన, నీళ్ళు. గుస్తావ్ అయితే క్యాంటీన్ వాళ్ళతో పోట్లాటే పెట్టుకున్నాడు. వాడి మోకాలు మళ్ళీ వాచింది."

గుస్తావ్ మేస్త్రీ. అతని మోకాలు, అతని విడాకులు, అతని ముసలి పిల్లి, అన్నీ హెల్యాకు తెలుసు. పండక్కి అతనికోసం ఊలు మేజోళ్ళు అల్లి పంపింది. చాలా వెచ్చగా ఉన్నాయన్నాడుట. లేని మనిషి కాళ్ళకు మేజోళ్ళు అల్లిందన్నమాట. అవి ఎవరు తొడుక్కున్నారో ఊహించుకుని హెల్యా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"హెల్యా, రేపు నేను రాలేనేమో. శని ఆదివారాలు కూడా ఉండమంటున్నారు."

"ఎవరు?"

"గుస్తావే. పని ఎక్కువుందిట." కొంచెం ఆగాడు. అతని వెనక ఏదో పలచటి, వెడల్పాటి హోరు వినిపిస్తోంది. "పిహ్లా ఉందా అక్కడ?"

"ఉన్నాను నాన్నా."

"నువ్వు చాలా మంచిపిల్లవి. గుర్తుపెట్టుకో. ఏదీ నీవల్ల కాలేదు. సరేనా? నువ్వు అన్నీ బాగా చేశావు."

"సరే నాన్నా," అంది పిహ్లా. గొంతు మాత్రం ప్రశ్నలా లేచింది.

హెల్యా ఫోను దగ్గరికి లాక్కుంది. చిన్నపిల్లలతో అలా ఎవరు మాట్లాడతారు, ఎప్పుడు మాట్లాడతారు? పనుండి ఆగిపోయినవాడు మాట్లాడే మాటలు కావవి. ఫోనును అరచేత్తో మూసింది. మోకాళ్ళమీద కూతురి దగ్గరికి జరిగింది.

"పిహ్లా, విను. నేనిప్పుడు మాట తప్పబోతున్నాను. నీ వెనక కాదు, నీ ముందే. తప్పేముందు నీకే చెప్తున్నాను. ఇది ఇంక నువ్వు మొయ్యాల్సింది కాదు. నామీద కోపం పెట్టుకో. ఎంతకాలమైనా పెట్టుకో."

పిహ్లా మొహంలో తెరుచుకున్నదేదో మూసుకుపోవడం హెల్యా కళ్ళారా చూసింది. చూస్తూనే చెయ్యి తీసేసింది.

"ఇల్పో, నాకు తెలుసు. గుస్తావ్ లేడని తెలుసు. గుడిసె సంగతి తెలుసు. నేనేమీ అనను. అరవను. ఎవరికీ చెప్పను. తలుపు తీసి ఉంచు. మేం బయల్దేరుతున్నాం."

అవతల ఏ మాటా లేదు. ఆ హోరు ఒక్కటే. తర్వాత అదీ లేదు.

మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. ఈసారి మోగనే లేదు.

"కారు లేదు, తార్యాని అడుగుతాను," అంటూ హెల్యా లేచింది. ఎవరిముందు అన్నాళ్ళు చెయ్యి చాచకుండా బతికిందో, ఇందాక ఎవరు తనను ఊరంతటి ముందు నిలబెట్టారో ఆలోచించే తీరిక లేదు. "పావుగంటలో గుడిసె దగ్గరుంటాం. కోటు తొడుక్కో."

"గుడిసెకి కాదు," అంది పిహ్లా.

అప్పటికే గుమ్మం దగ్గర నేలమీద కూర్చుని బూట్లు లాక్కుంటోంది. తాళ్ళు కట్టుకోకుండానే లోపలికి దోపేసింది. తల్లివైపు చూడలేదు.

"గుడిసెలో ఫోన్ చేస్తే పొయ్యి చిటపటలాడ్డం వినిపిస్తుంది. ఎప్పుడూ వినిపిస్తుంది. ఇప్పుడు గాలి వినిపించింది. నాన్న గడ్డకట్టిన సముద్రంమీద ఉన్నాడమ్మా. గుడిసెకెదురుగా ఉన్న దీవి అవతల ఒకచోట చూపించాడు నాకు. అక్కడ ప్రవాహం ఉంటుందిట, ఎంత చలికాలమైనా మంచు గట్టిపడదుట. నువ్వెప్పుడూ ఇటు రాకు అన్నాడు."